మెయిడెన్ తిరిగొచ్చింది సరే, బ్లేజ్ సంగతేంటి?

ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్‌ది నా సొంత డబ్బులతో కొన్న మొదటి క్యాసెట్ 'వర్చువల్ ఎలెవెన్'. 1998లో, అబిడ్స్‌లోని ఒక క్యాసెట్ల షాపులో, అట్ట మీద బొమ్మ నచ్చి కొన్నాను. ఆ బ్యాండ్‌లో అంతకుముందు వేరే గాయకుడు ఉండేవాడన్న సంగతి కూడా నాకప్పుడు తెలియదు. వాక్‌మన్‌లో పెట్టుకుని కాలేజీకి బస్సులో వెళ్తూ వస్తూ వినేవాణ్ణి. క్యాసెట్‌లో ఒక పాట దాటేయాలంటే బటన్ నొక్కి పట్టుకుని, అంచనా మీద ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పుకోవాలి. ఆ అవస్థకి బదులు అన్ని పాటలూ వినేయడమే సుఖం. అలా కొన్ని నెలలపాటు నాకు మెయిడెన్ అంటే బ్లేజ్ బెయిలీ గొంతే.

ఒకరోజు కాలేజీలో సీనియర్ ఒకాయన నా చేతిలో క్యాసెట్ చూసి, "అది మెయిడెన్ కాదురా, పక్కన పెట్టు" అన్నాడు. మర్నాడు 1982 నాటి 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్' తెచ్చిచ్చాడు. బ్రూస్ డికిన్సన్ గొంతు మొదటిసారి విన్నాను. సీనియర్ ఎందుకలా అన్నాడో అర్థమైంది. ఆ గొంతు పైస్థాయిలో నిలబడి అక్కణ్ణించి ఇంకో మెట్టు ఎక్కుతుంది. కానీ బ్లేజ్‌ని పక్కన పెట్టడం మాత్రం నావల్ల కాలేదు. ఇప్పటికీ కావడం లేదు.

2000 మే 29న 'బ్రేవ్ న్యూ వరల్డ్' వచ్చింది. డికిన్సన్ తిరిగి వచ్చాడు, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ కూడా వచ్చాడు. దీన్ని రాక్ చరిత్రలో గొప్ప పునరాగమనాల్లో ఒకటిగా చెప్పుకుంటారు. నేనూ ఒప్పుకుంటాను. ఆ ఆల్బమ్‌ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నా పేచీ అల్లా, దాని చుట్టూ అల్లిన కథతోనే. "తొంభైల్లో బ్లేజ్ వచ్చి బ్యాండ్ మునిగింది, డికిన్సన్ వచ్చి తేల్చాడు" అన్నది ఆ కథ. పాతికేళ్ళుగా ఇదే వింటున్నాను. ఇది తప్పని నా నమ్మకం. ఒక మనిషికి అన్యాయం చేస్తుందనే కాదు, ఆ ఆల్బమ్ అసలు ఎలా పుట్టిందో కూడా మనకు తెలియనివ్వదు.

ముందు పతనం ఎప్పుడు మొదలైందో చూద్దాం. 1988లో 'సెవెంత్ సన్ ఆఫ్ ఎ సెవెంత్ సన్' దాకా మెయిడెన్‌కి తిరుగు లేదు. తరువాత 1990లో వచ్చిన 'నో ప్రేయర్ ఫర్ ద డైయింగ్' వినండి. గాయకుడు డికిన్సనే. కానీ పాటలు పలచబడ్డాయి, గొంతులో గరుకుదనం పెరిగింది. స్మిత్ ఆ రికార్డింగుకి ముందే వెళ్ళిపోయాడు, ఆయన స్థానంలో జానిక్ గెర్స్ వచ్చాడు. 1992లో 'ఫియర్ ఆఫ్ ద డార్క్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ టైటిల్ పాట ఎప్పటికీ నిలిచేదే. మిగతా పాటల్లో ఎన్ని గుర్తున్నాయని వీరాభిమానిని అడిగినా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. 1993లో డికిన్సన్ వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో బ్లేజ్ అడుగుపెట్టేనాటికే ఇంటికి బీటలు పడ్డాయి. ఆ బీటలన్నీ బ్లేజ్ వల్లేనని చెప్పడం న్యాయం కాదు.

మరి కారణమేంటి? నాకు ఒక చిన్న వివరం దగ్గర సమాధానం దొరికింది. మెయిడెన్‌ని 1975లో తూర్పు లండన్‌లో మొదలుపెట్టింది బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్. 'నో ప్రేయర్' నుంచి 'వర్చువల్ ఎలెవెన్' దాకా, అంటే 1990 నుంచి 1998 వరకు వచ్చిన నాలుగు స్టూడియో ఆల్బమ్‌లూ ఎసెక్స్‌లో ఆయన ఇంటి ఆవరణలోనే రికార్డయ్యాయి. అక్కడున్న పెద్ద కొట్టాన్ని ఆయన స్టూడియోగా మార్చుకున్నాడు. ఎనభైల్లో వాళ్ళ ఆల్బమ్‌లకి ఆ శబ్దాన్నిచ్చిన నిర్మాత మార్టిన్ బర్చ్ 1992 తరువాత పని నుంచి తప్పుకున్నాడు. ఆపైన రెండు ఆల్బమ్‌లకీ హారిస్, నైజెల్ గ్రీన్ కలిసి నిర్మాతలు. అంటే పాట రాసేదీ, బేస్ వాయించేదీ, ఏది బాగుందో తేల్చేదీ, చివరికి ఇల్లు కూడా ఒక్క మనిషిదే. "అన్నా, ఈ పల్లవి నాలుగుసార్లు చాలు" అని చెప్పగల మనిషి ఆ గదిలో లేకుండా పోయాడు.

'వర్చువల్ ఎలెవెన్'లో 'ద ఏంజెల్ అండ్ ద గ్యాంబ్లర్' అనే పాటుంది. దాదాపు పది నిమిషాలు. అందులో ఒకే పల్లవి తిరిగి తిరిగి వస్తుంది, వినేవాడు ఆశ వదులుకున్నాక కూడా వస్తుంది. ఇది బ్లేజ్ తప్పెలా అవుతుంది? పాట రాసింది హారిస్ ఒక్కడే. ఆ ఆల్బమ్‌లో ఎనిమిది పాటలుంటే, వాటిలో నాలుగు ఆయన ఒంటరిగా రాసినవే.

ఇక బ్లేజ్ గొంతు. ఆయనది మంద్రంలో బలమున్న గొంతు. డికిన్సన్‌ది తారస్థాయి. మన కచేరీల్లో గాయకుడు తన శ్రుతి చెప్తాడు, తంబూరా, వయొలిన్, మృదంగం అన్నీ ఆ శ్రుతికి సర్దుకుంటాయి. ఒకటిన్నర శ్రుతి వాళ్ళుంటారు, ఐదున్నర వాళ్ళుంటారు. నీ శ్రుతి తక్కువ కాబట్టి నువ్వు తక్కువ గాయకుడివి అని మన దగ్గర ఎవరూ అనరు. మెయిడెన్‌లో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. గిటార్ల శ్రుతి మారలేదు, డికిన్సన్ గొంతుని దృష్టిలో పెట్టుకుని కట్టిన పాత పాటలన్నీ అదే శ్రుతిలో రోజు మార్చి రోజు బ్లేజ్ పాడాల్సి వచ్చింది. గొంతు దెబ్బ తిని కచేరీలు రద్దయ్యాయి. జనం ఆ రద్దులు లెక్కపెట్టారు. శ్రుతి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

అదే మనిషికి తన గొంతుకి సరిపడే పాట ఇస్తే ఏమవుతుందో 1995 నాటి 'ది ఎక్స్ ఫ్యాక్టర్' చెప్తుంది. ఇది మెయిడెన్ ఆల్బమ్‌లన్నిటిలోకి చీకటిది. హారిస్ అప్పుడు విడాకుల బాధలో ఉన్నాడు, ఆ బాధ పాటల్లోకి దిగింది. మొదటి పాట 'సైన్ ఆఫ్ ద క్రాస్' పదకొండు నిమిషాలకు పైగా ఉంటుంది. సన్యాసుల మంత్రపఠనంలా మొదలై, నెమ్మదిగా బేస్ గిటార్ వచ్చి, చాలాసేపటికి గాని డ్రమ్స్ తమ పూర్తి బలం చూపించవు. బ్లేజ్ అక్కడ అరవడు. తలుపు వెనక నిలబడి మాట్లాడుతున్నట్టు పాడతాడు. ఆ పాటకి ఆ గొంతే కావాలి. ఆల్బమ్‌లో శబ్దం పొడిగా ఉంటుంది, నిడివి డెబ్భై నిమిషాలు దాటుతుంది, కొన్ని పాటలు ఒకేలా మొదలవుతాయి. అవన్నీ నిజమైన లోపాలే. అయినా రాత్రి పదకొండు దాటాక ఒంటరిగా వినడానికి నేను ఎక్కువగా తీసే మెయిడెన్ ఆల్బమ్ ఇదే.

బ్యాండ్ మునిగిందంటారు కాబట్టి బ్రిటన్ చార్టు స్థానాలు కూడా చెప్పేస్తాను. 'ది ఎక్స్ ఫ్యాక్టర్' ఎనిమిదో స్థానం, 'వర్చువల్ ఎలెవెన్' పదహారు, 'బ్రేవ్ న్యూ వరల్డ్' ఏడు. మహా పునరాగమనానికీ, పతనమని మనం పిలిచే ఆల్బమ్‌కీ మధ్య తేడా ఒక్క మెట్టు.

1999 జనవరిలో బ్రైటన్‌లో ఒక సమావేశం జరిగింది. మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ చొరవతో హారిస్, డికిన్సన్ కూర్చుని మాట్లాడుకున్నారు. స్మిత్ కూడా తిరిగి రావడానికి ఒప్పుకున్నాడు. పాత పాటలు పాడుకుంటూ తిరిగే బ్యాండ్‌లో ఉండటం తనకిష్టం లేదని, మంచి కొత్త ఆల్బమ్ చేయాలని డికిన్సన్ పట్టుబట్టాడు. ఈ మనిషి కూడా ఆ ఆరేళ్ళూ ఖాళీగా లేడు. సొంతంగా ఆల్బమ్‌లు చేశాడు, కొన్ని దెబ్బ తిన్నాయి, 1997లో స్మిత్‌ని తోడు తెచ్చుకుని 'యాక్సిడెంట్ ఆఫ్ బర్త్', మరుసటి ఏడాది 'ద కెమికల్ వెడ్డింగ్' చేశాడు. రెండోది అదే ఏడాది వచ్చిన 'వర్చువల్ ఎలెవెన్' కన్నా ఎంతో బలమైన ఆల్బమ్, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. 1990లో ఉన్న డికిన్సన్, స్మిత్ వేరు, 1999లో గుమ్మంలో నిలబడ్డ ఇద్దరూ వేరు. బయట తిరిగి, దెబ్బలు తిని, నేర్చుకుని వచ్చారు.

అప్పుడు తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది జానిక్ గెర్స్ విషయం. స్మిత్ తిరిగొస్తే గెర్స్ పోవాలి, అందరి లెక్కా అదే. కానీ హారిస్ ముగ్గురు గిటారిస్టుల్నీ ఉంచాడు. డేవ్ మర్రీ, స్మిత్, గెర్స్. పతనం రోజుల్లో బ్యాండ్‌ని మోసినవాణ్ణి మంచి రోజులు రాగానే బయటికి పంపలేదు. ఆ మర్యాద బ్లేజ్‌కి దక్కలేదన్నది నిజమే, గాయకుడి స్థానం ఒక్కటే కాబట్టి దక్కే వీలూ లేదు. కానీ ఆ మూడో గిటార్ వల్లే ఈ ఆల్బమ్ ధ్వనికి అంత నిండుదనం వచ్చింది. రెండు గిటార్లు జంటగా రాగం తీస్తుంటే మూడోది కింద నేలలా పరుచుకుని ఉంటుంది. 'ఘోస్ట్ ఆఫ్ ద నావిగేటర్' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఎడమ, కుడి, మధ్య ఎవరు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపించొచ్చు.

రెండో నిర్ణయం కొట్టం వదిలి బయటికి రావడం. ప్యారిస్ పక్కనున్న గియోమ్ తెల్ స్టూడియోకి వెళ్ళారు. ఒకప్పటి సినిమా హాలు అది, కప్పు ఎత్తుగా ఉంటుంది, డ్రమ్స్‌కి గాలి ఆడుతుంది. నిర్మాతగా కెవిన్ షర్లీని తెచ్చుకున్నారు. హారిస్ సహనిర్మాతగా ఉన్నాడు గానీ ఇప్పుడు గదిలో ఇంకొక మనిషి ఉన్నాడు. అందరూ ఒకే హాల్లో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, కచేరీలో లాగా కలిసి వాయించాలన్నది షర్లీ పద్ధతి. విడివిడిగా ఒక్కో వాయిద్యం రికార్డు చేసి అతికించడం మానేశారు. నికో మెక్‌బ్రెయిన్ డ్రమ్స్ ఒక్క క్షణం ముందుకు దూకితే మిగతా ఐదుగురూ దూకుతారు. 'ద వికర్ మ్యాన్' మొదట్లో ఒక్క గిటార్ మోగి, తరువాత అందరూ ఒక్కసారిగా మీద పడే చోట నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పాటకి గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

మూడోది పాటలు రాయడంలో. ఇందాక 'వర్చువల్ ఎలెవెన్'లో ఎనిమిదింట నాలుగు హారిస్ ఒంటరిగా రాశాడన్నాను కదా. 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో పదింట ఒకటే. మిగతా తొమ్మిదిలోనూ ఆయన పేరుంది, కానీ పక్కన మరొకరో ఇద్దరో ఉన్నారు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. ఒక పెద్దాయన పగ్గం వదిలేయలేదు, మిగతావాళ్ళు కూడా పట్టుకోవడానికి చోటిచ్చాడు.

ఆ ఒంటరి పాట 'బ్లడ్ బ్రదర్స్'. తండ్రి పోయిన దుఃఖంతో హారిస్ రాసుకున్నది. తిశ్ర గతిలో, ఊయల ఊగినట్టు నడుస్తుంది, వెనక వాద్యబృందం తీగల స్వరాలు వినిపిస్తుంటాయి. మెయిడెన్ అంటే గుర్రపు డెక్కల చప్పుడు లాంటి బేస్ అనుకునేవాళ్ళకి ఇది ఆశ్చర్యం. మా నాన్న పోయిన సంవత్సరం నేను ఈ పాట వినలేకపోయాను. ఆ తరువాతి సంవత్సరం వేరే ఏదీ వినలేకపోయాను. ఏడు నిమిషాల్లో పల్లవి చాలాసార్లు వస్తుంది, 'ఏంజెల్ అండ్ ద గ్యాంబ్లర్'లో చేసిన పనే. కానీ ఇక్కడ ఆ తిప్పడానికి అర్థముంది. దుఃఖం కూడా ఒకే మాట దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా.

ఇప్పుడు నా వాదనకి గుండెకాయ లాంటి సంగతి. ఈ ఆల్బమ్‌లోని మూడు పాటలు, 'ద మెర్సినరీ', 'డ్రీమ్ ఆఫ్ మిర్రర్స్', 'ద నోమాడ్', 'వర్చువల్ ఎలెవెన్' రోజుల్లో పుట్టినవి. రచయితల పేర్లు చూడండి, మూడింట్లోనూ డికిన్సన్ లేడు, స్మిత్ లేడు. గెర్స్, హారిస్ కలిసి రెండు రాశారు, మర్రీ, హారిస్ కలిసి ఒకటి. మూడూ కలిపితే ఇరవై మూడు నిమిషాలు. ఆల్బమ్ మొత్తం అరవై ఏడు. అంటే మూడో వంతు, అందరూ "ఎండిపోయిన కాలం" అని కొట్టిపారేసిన కాలంలోనే మొలకెత్తింది. అప్పటికి అవి తయారు కాలేదు, అంతే. ఆ సంగతి గ్రహించి పక్కన పెట్టుకున్న ఓపికకి నేను దండం పెడతాను. అరకొరగా ఉన్నవాటిని 1998లోనే ఆల్బమ్‌లో కూరేసి ఉంటే ఈరోజు వాటిని కూడా మనం దాటేసి వినేవాళ్ళం.

ముఖ్యంగా 'డ్రీమ్ ఆఫ్ మిర్రర్స్'. తొమ్మిది నిమిషాల పాట. నెమ్మదైన చరణాలు, కింది స్థాయిలో మాట్లాడినట్టుండే గొంతు, కలకీ మెలకువకీ మధ్య భయం. 'ది ఎక్స్ ఫ్యాక్టర్' విన్నవాళ్ళకి ఇది ఎవరి నీడలో పుట్టిన పాటో ఇట్టే తెలుస్తుంది. డికిన్సన్ దాన్ని అద్భుతంగా పాడాడు. చివర్లో వేగం పెరిగినప్పుడు ఆయన ఎక్కిన స్థాయి బ్లేజ్‌కి అందేది కాదు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. గొంతు తేడా నిజం. ఆ తేడా వల్ల పాట పెద్దదైంది. కానీ విత్తనం మాత్రం అక్కడిదే.

ఆల్బమ్ మచ్చలేనిదని కూడా నేననను. 'ద నోమాడ్' మధ్యలో కాస్త సాగుతుంది. టైటిల్ పాటలో పల్లవి రెండుసార్లు తగ్గిస్తే నష్టం లేదు. హారిస్ అలవాట్లు ఎక్కడికీ పోలేదు. పోనక్కర్లేదు కూడా. వాటి చుట్టూ మిగతా ఐదుగురూ నిలబడితే చాలు.

2001 జనవరి 19న బ్రెజిల్‌లో రాక్ ఇన్ రియో వేదిక మీద దాదాపు రెండున్నర లక్షల మంది ముందు వాళ్ళు వాయించింది రికార్డుగా వచ్చింది. దొరికితే తప్పకుండా వినండి. ఆ రాత్రి పద్దెనిమిది పాటలు. వాటిలో ఆరు కొత్త ఆల్బమ్‌వి. అప్పటికి అది వచ్చి ఎనిమిది నెలలైనా కాలేదు. ఇరవై ఏళ్ళ పాత పాటలు అన్ని ఉండగా, జనం వాటికోసమే వచ్చారని తెలిసి కూడా, మూడో వంతు కొత్తవి పాడటానికి ధైర్యం కావాలి. ఇంకొంచెం లెక్క వేయండి. 'సైన్ ఆఫ్ ద క్రాస్', 'ద క్లాన్స్‌మన్' బ్లేజ్ పాడిన పాటలు. 'ద మెర్సినరీ', 'డ్రీమ్ ఆఫ్ మిర్రర్స్' ఆ రోజుల్లో పుట్టినవి. పద్దెనిమిదిలో నాలుగు. పునరాగమనానికి గుర్తుగా లోకమంతా చూపించే ఆ రాత్రి, పతనం రోజుల పాటలకి లక్షల గొంతులు వంత పాడాయి. 2018లో మళ్ళీ పాత పాటలతో పెద్ద టూర్ చేసినప్పుడు కూడా ఆ మొదటి రెండూ ఉన్నాయి.

2007 మార్చి 17న మెయిడెన్ మొదటిసారి మన దేశానికి వచ్చింది, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. ముందు రోజు సాయంత్రం కాచిగూడలో రైలెక్కాం. బోగీలో ఎటు చూసినా నల్ల టీషర్టులే. రాత్రంతా వాదనలే. వయసులో నాకన్నా చిన్నవాడొకడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరమట, కర్నూలు దాటాక నన్ను అడిగాడు. "అన్నా, బ్లేజ్ ఆల్బమ్‌లు వినొచ్చా? అందరూ వద్దంటున్నారు." నా దగ్గర ఎంపీ త్రీ ప్లేయర్ ఉంది. 'ద క్లాన్స్‌మన్' పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ తనకిచ్చాను. తొమ్మిది నిమిషాలు. మొదటి రెండు నిమిషాలూ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. పల్లవి వచ్చేసరికి నావైపు తిరిగాడు. పాటయ్యాక ఏమీ అనలేదు, వెనక్కి తిప్పమన్నట్టు వేలితో సైగ చేశాడు.

మర్నాడు రాత్రి 'ఫియర్ ఆఫ్ ద డార్క్'కి గిటార్ రాగాన్ని మైదానం మొత్తం గొంతెత్తి పాడింది. హైదరాబాదు, చెన్నై, ముంబై, గౌహతి, ఎక్కడెక్కడి వాళ్ళో. మాటలు లేని ఆ రాగం నోటికి రానివాళ్ళు లేరు. ఆ పిల్లాడు నా పక్కనే ఉన్నాడు, గొంతు పోయేదాకా పాడాడు.

బ్లేజ్ ఏమయ్యాడో చాలామంది అడగరు. 'బ్రేవ్ న్యూ వరల్డ్' వచ్చిన ఆ 2000లోనే ఆయన తన సొంత బ్యాండ్‌తో 'సిలికాన్ మెసయ్య' అనే ఆల్బమ్ తెచ్చాడు. అందులో గిటార్ల శ్రుతి కిందికి దింపారు. ఐదేళ్ళు వేరేవాళ్ళ శ్రుతిలో పాడిన మనిషి చివరికి తన శ్రుతిలో పాడితే ఎలా ఉంటుందో వినండి. రెండు ఆల్బమ్‌లూ ఒకే సాయంత్రం, ఒకదాని వెంట ఒకటి. నేను మాత్రం ముందు బ్లేజ్‌దే పెడతాను.